వనభోజనాలకి పిల్లల నూడుల్స్: ఆకుల ముద్ద నల్లబడిపోతోంది, ఏం చేయాలి?

మద్దిలపాలెం అమ్మ
మంగళవారం, రాత్రి 8:20

నమస్కారం అండీ. ఈ ఆదివారం మా అపార్ట్‌మెంట్ వాళ్లందరం కార్తీక వనభోజనాలకి ముడసర్లోవ పార్కుకి వెళ్తున్నాం. పులిహోర, కందా బచ్చలి, దప్పళం, పరమాన్నం అందరూ తలా ఒకటి పంచుకున్నారు. పిల్లల వంట నా వాటాకి వచ్చింది. పదిహేను మంది ఉన్నారు, అందరిదీ ఒకటే మాట, నూడుల్స్ కావాలని. కార్తీకం కాబట్టి నీచు సంగతి ఎలాగూ లేదు, ఉల్లి వెల్లుల్లి కూడా పడకూడదు. ప్యాకెట్‌తో వచ్చే మసాలాలో సాధారణంగా ఆ రెండూ ఉంటాయి. అందుకని ఆకులు రుబ్బి, ఆ పచ్చటి ముద్దతో కలుపుదామనుకున్నాను.

నిన్న ఇంట్లో చేసి చూశాను. కొత్తిమీర, పుదీనా, జీడిపప్పు, పచ్చిమిర్చి, నిమ్మరసం అన్నీ ఒకేసారి మిక్సీలో వేసి మెత్తగా తిప్పాను. బాణలిలో నూనె వేసి ఆ ముద్ద వేయించి, ఉడికిన నూడుల్స్ కలిపాను. పచ్చగా ఉండాల్సింది ఎండిపోయిన గోరింటాకు రంగులోకి వచ్చింది. కాస్త చేదు. అరగంటకి నూడుల్స్ మొత్తం ఒకే ముద్దయింది. మా చిన్నవాడు రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు. ఆదివారం పదిహేను మంది పక్కన పెడితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

రోటి పచ్చడి
మంగళవారం, రాత్రి 8:47

అక్కా, ముందు ఈ ముద్దని సాస్ అనుకోకుండా పచ్చడి అనుకోండి, సగం చిక్కు విడిపోతుంది. కొత్తిమీర పచ్చడి నూరాక దాన్ని మళ్లీ బాణలిలో వేసి వేయించం కదా? పోపు పెడతాం, అంతే. ఇదీ అలాగే. నూరిన ఆకు పొయ్యి ఎక్కకూడదు. నూడుల్స్ దించాక, ఆ వేడిలోనే కలపాలి.

రంగు ఎందుకు పోయిందంటే, ఆకుకి పచ్చదనం ఇచ్చే పత్రహరితంలో మధ్యన మెగ్నీషియం ఉంటుంది. వేడి, పులుపు రెండూ తగిలితే అది ఊడిపోతుంది, పచ్చ కాస్తా గోధుమ పచ్చ అవుతుంది. మీరు నిమ్మరసం పోసి మరీ వేయించారు, రెండూ కలిసి పనిచేశాయి. నిమ్మకాయ చివర్లో, తినే ముందు పిండండి. కొందరు రంగు కోసం వంట సోడా వేయమంటారు, వద్దు. రంగు నిలుస్తుంది కానీ ఆకు జిగటగా అయిపోతుంది, రుచి చెడుతుంది.

మద్దిలపాలెం అమ్మ
మంగళవారం, రాత్రి 8:55

అయ్యో, వేయించకపోతే పచ్చి వాసన వస్తుందని వేయించాను. మరి చేదు దేనివల్ల?

క్యాటరింగ్ వదిన
మంగళవారం, రాత్రి 9:30

చేదు పుదీనా కాడల వల్ల అయి ఉంటుంది. కొత్తిమీర లేత కాడలు వేయొచ్చు, నిజానికి వాసనంతా అందులోనే ఉంది. పుదీనాకి మాత్రం ఆకు ఒక్కటే గిల్లాలి. ఎనిమిది మందికి చేసినా ఎనభై మందికి చేసినా ఈ గిల్లే పని మా ఇంట్లో నేనే కూర్చుని చేస్తాను, ఇంకొకరికి ఇవ్వను.

రెండోది మిక్సీ. మెత్తగా రావాలని ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కుతుంది, ఆకు అక్కడే సగం ఉడుకుతుంది. నేను జార్‌ని పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి తీస్తాను. ముందు జీడిపప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం, ఉప్పు వేసి పొడి పొడిగా తిప్పి, తర్వాత ఆకు వేసి రెండు ఐసు ముక్కలు వేస్తాను. మిక్సీ ఆపుతూ, ఆపుతూ తిప్పాలి. నూనె జార్‌లో పోయొద్దు. ముద్దని గిన్నెలోకి తీసుకుని గరిటెతో కలుపుతూ కొంచెం కొంచెంగా పోయండి. ఆలివ్ నూనె జార్‌లో పోసి బాగా తిప్పితే నాకు ఒకసారి ముద్దంతా చేదెక్కింది, అప్పటి నుంచి ఏ నూనైనా చేత్తోనే కలుపుతున్నాను.

పుదీనా కొత్తిమీర కన్నా తొందరగా నల్లబడుతుంది. కోసిన ఆకుకి గాలి తగిలితే లోపలి ఎంజైమ్ వల్ల అలా అవుతుంది, వంకాయ ముక్కలు నల్లబడినట్టే. మరిగే నీళ్లలో పుదీనా ఆకు పది పదిహేను సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, గట్టిగా పిండేయండి. ఆ పని పుదీనాకి చాలు. కొత్తిమీరకి కూడా చేస్తే రంగు బాగుంటుంది కానీ సువాసన తగ్గిపోతుంది, నాకు నచ్చదు.

బీచ్‌రోడ్డు బండి
మంగళవారం, రాత్రి 11:50

ఇప్పుడే బండి కట్టేసి ఇంటికి వచ్చాను. నూడుల్స్ సంగతి నేను చెప్తాను అక్కా. ముద్దయిందంటే మూడు కారణాలు. నీళ్లు తక్కువ పోసి ఉంటారు, పూర్తిగా ఉడకనిచ్చి ఉంటారు, వార్చాక అలాగే గిన్నెలో వదిలేసి ఉంటారు. హక్కా నూడుల్స్ అయితే పెద్ద గిన్నెలో నీళ్లు బాగా తెర్లాక వేసి, కొంచెం పలుకు ఉండగానే దించేయాలి. మిగతా ఉడుకు దాని వేడికి అదే పూర్తవుతుంది. వెంటనే చల్లనీళ్లు పోసి కడిగి, జల్లెడలో నీరంతా ఓడ్చి, పళ్లెంలో పరిచి రెండు చెంచాల నూనె చేత్తో పట్టించాలి. గిన్నెలో కుప్పగా పెట్టకూడదు. మేం సాయంత్రం నాలుగింటికి ఉడకబెట్టి రాత్రి పదింటి దాకా వాడతాం, ఒక్క పోగు ఇంకోదానికి అంటుకోదు.

ఇంకోటి, ప్యాకెట్ మీద గుర్తు చూసుకోండి. కొన్ని నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకలాగే పసుపు పచ్చగా ఉంటాయి.

లేబుల్ చదివేవాడు
బుధవారం, ఉదయం 6:35

బండి అన్న మంచి మాట చెప్పారు. గుడ్డు కలిసిన ప్యాకెట్ మీద మన చట్టం ప్రకారం మాంసాహారం గుర్తే ఉండాలి, అంటే చతురస్రంలో గోధుమ రంగు త్రికోణం. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క.

ముద్దలో చీజ్ వేసే ఆలోచన ఉంటే అదీ చూడండి. ఇటలీ వాళ్ల పార్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్‌ని దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ అనే పదార్థంతో పాలు విరగ్గొట్టి చేస్తారు. వాళ్ల నిబంధనల్లోనే అలా ఉంది, వేరే దానితో చేస్తే ఆ పేరు పెట్టుకోకూడదు. పేరుకి పాల పదార్థమే అయినా కార్తీక నియమం ఉన్నవాళ్లకి కుదరదు. సూక్ష్మజీవుల నుంచి తీసే రెన్నెట్‌తో చేసిన చీజ్‌లు మన దగ్గర దొరుకుతాయి, ఆకుపచ్చ చుక్క ఉన్నది తీసుకుంటే సరిపోతుంది.

మద్దిలపాలెం అమ్మ
బుధవారం, ఉదయం 7:10

చీజ్ సంగతి నాకు అస్సలు తెలియదు అండీ. మా అత్తగారు యాభై ఏళ్లుగా ఈ నెల నియమం తప్పలేదు. చీజ్ మానేస్తాను, జీడిపప్పు ఉంది కదా.

ఓడ వంటగది
బుధవారం, మధ్యాహ్నం 2:15

నేను కొన్నేళ్లు సరుకు ఓడల మీద వంట పని చేసి, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. మీరు చేయబోయే వంటకి పుట్టిల్లు ఇటలీలో జెనోవా. మన విశాఖలాగే అదీ రేవు పట్టణమే, కొండలు సముద్రం దాకా దిగి ఉంటాయి. ఓడ అక్కడ ఆగినప్పుడు రేవు వెనక ఇరుకు సందుల్లో ఒక చిన్న హోటల్‌లో తిన్నాను. పళ్లెం రాగానే నాకు కనిపించింది పాస్తా కాదు, బంగాళాదుంప ముక్కలు, సన్నటి బీన్స్. మా అమ్మ చేసే కూర గుర్తొచ్చింది.

వాళ్లు ఒకే గిన్నెలో నీళ్లు మరిగించి ముందు బంగాళాదుంప ముక్కలు, కాసేపటికి బీన్స్, చివర్లో పాస్తా వేస్తారు. ఆ పాస్తాని ట్రోఫియే అంటారు, అంగుళం పొడవు ఉండి మెలి తిప్పినట్టుంటుంది. పొడుగ్గా, కొంచెం చదునుగా ఉండే ట్రెనెట్టెతో కూడా చేస్తారు. అన్నీ కలిపే వార్చి, పెద్ద గిన్నెలో పెస్టో అనే ఆకు ముద్దతో కలుపుతారు. ముద్ద గట్టిగా ఉంటే పాస్తా ఉడికిన నీళ్లే ఒక గరిటె పోస్తారు. ఆ నీళ్లలో పిండి ఉంటుంది, దానివల్ల నూనె వేరుగా తేలకుండా ముద్ద పాస్తాని పట్టుకుంటుంది. చితికిన బంగాళాదుంప కూడా అదే పని చేస్తుంది. ఇందులో మాంసం అసలే లేదు, ముందు నుంచీ లేదు.

పెస్టో అనే మాట దంచడం, నూరడం అనే మాట నుంచి వచ్చింది. అక్కడ రోలు పాలరాతిది, రోకలి చెక్కది. ముందు వెల్లుల్లి, పైన్ గింజలు, తర్వాత ఆకు, దానితో కల్లుప్పు. ఆ ఉప్పు పలుకులే ఆకుని చీలుస్తాయి. పైనుంచి దబదబా దంచరు, రోకలిని రోటి గోడకి ఒత్తి గుండ్రంగా తిప్పుతూ నలుపుతారు. ఆ హోటల్ ఆవిడ చేయి తిరుగుతుంటే మా నాయనమ్మ గోంగూర నూరడం చూసినట్టే ఉంది. తర్వాత రెండు రకాల చీజ్, ఒకటి ఆవు పాలది, ఒకటి గొర్రె పాలది. చివర్లో ఆలివ్ నూనె. పొయ్యి దగ్గరికి మాత్రం వెళ్లదు. రోటి పచ్చడి గారు చెప్పింది అక్షరాలా నిజం.

ఒక్క మాట మాత్రం బండి తమ్ముడితో నాకు కుదరలేదు. పాస్తాని కడగకూడదు. కడిగితే పైనున్న పిండి పోతుంది, ముద్ద జారిపోతుంది.

బీచ్‌రోడ్డు బండి
బుధవారం, రాత్రి 12:20

అన్నా, మీరు చెప్పేది వేడివేడిగా పళ్లెంలో పెట్టేదానికి. అక్క ఉదయం ఇంట్లో ఉడకబెట్టి, పార్కుకి తీసుకెళ్లి, మధ్యాహ్నం పెడుతుంది. కడగకుండా నాలుగు గంటలు ఉంచితే అది ఇటుకలాగా అయిపోతుంది.

ఓడ వంటగది
గురువారం, ఉదయం 8:05

నిజమే తమ్ముడూ, ఆ దూరం నేను ఆలోచించలేదు. వనభోజనానికి కడగాల్సిందే. అలా అయితే ఉడికిన నీళ్లు ఒక చిన్న ఫ్లాస్కులో విడిగా తీసుకెళ్లండి అక్కా. అక్కడ కలిపేటప్పుడు పోసుకుంటే పోయిన పిండి కొంత తిరిగి వస్తుంది. ఇంకో సలహా, హక్కా నూడుల్స్ బదులు దురుమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసిన స్పగెట్టీ, అంటే పొడుగు పాస్తా తీసుకోండి. మైదా నూడుల్స్ కన్నా చల్లారాక కూడా కొరుకు నిలుస్తుంది. లీటరు నీళ్లకి వంద గ్రాముల పాస్తా, పది గ్రాముల ఉప్పు. కిలో ఒకేసారి ఉడకదు, ఇంటి గిన్నెలో పావు కిలో చొప్పున నాలుగు వాయిలు చేయండి.

ఆకుపచ్చ మేడ
గురువారం, ఉదయం 9:40

జెనోవా వాళ్లు వాడే ఆకు గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని బేసిల్ అంటారు, మన తులసికి దగ్గరి చుట్టం, కానీ తులసి కాదు. వేసవిలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు ఉన్నాయి కదా, ఆ మొక్కే బేసిల్. తెలుగులో రుద్రజడ అంటారు. జెనోవా రకం ఆకు వేరు, వాసన ఇంకా తియ్యగా ఉంటుంది, అయినా కుటుంబం ఒకటే. నేను మధురవాడలో మేడ మీద కిరాణా కొట్లో కొన్న సబ్జా గింజలే చల్లాను, వారంలో మొలకెత్తాయి. సముద్రపు గాలికి ఆకు అంచులు మాడుతుంటే పిట్టగోడ చాటుకి మార్చాను, ఇప్పుడు గుబురుగా ఉంది. పూత కనబడగానే గిల్లేయాలి, పూతకి వస్తే ఆకు ఘాటెక్కుతుంది.

మద్దిలపాలెం అమ్మ గారూ, శనివారం సాయంత్రం వస్తే రెండు గుప్పెళ్లు ఇస్తాను. మొత్తం అదే వేయాలని కాదు, కొత్తిమీరలో కలిపితే వాసన మారిపోతుంది.

పెందుర్తి పెద్దమ్మ
గురువారం, ఉదయం 11:15

తల్లీ, ఆ ఆకు సరే కానీ ఇంట్లో కోట తులసి మాత్రం కోయకండి. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి పూజ చేసే తల్లి. రుచికి కూడా అది పనికిరాదు, లవంగం ఘాటు ఉంటుంది, పచ్చడి మింగుడు పడదు.

మేం చిన్నప్పుడు మా అమ్మ బియ్యప్పిండి ఉడికించి జంతికల గొట్టంలో వేసి సన్నగా ఒత్తి ఆవిరికి పెట్టేది. వాటికి కొత్తిమీర, నువ్వుల ముద్ద కలిపి పెట్టేది. పదిహేను మందికి నీ చేతులు నొప్పి పుడతాయి, ఈసారికి వద్దు. ఇంట్లో నలుగురికి చేసుకో.

ఇద్దరు పిల్లల తల్లి, సీతమ్మధార
గురువారం, మధ్యాహ్నం 1:00

ఒక్క విషయం దయచేసి మర్చిపోకండి. పదిహేను మంది పిల్లలంటే ఎవరికో జీడిపప్పు పడకపోవచ్చు. మా పాపకి పడదు. పుట్టినరోజు పార్టీలో ఏం కలిపారో తెలియక తినేసి పెదాలు వాచిపోయి ఆసుపత్రికి పరుగెత్తాం. ముందే తల్లులందరినీ అడగండి.

క్యాటరింగ్ వదిన
గురువారం, మధ్యాహ్నం 1:25

చాలా అవసరమైన మాట. జీడిపప్పు బదులు గుల్ల శనగపప్పు, అదే పుట్నాల పప్పు వేయొచ్చు. చిక్కదనం బాగానే వస్తుంది. ఒక్కరికి పడకపోయినా గిన్నె మొత్తం దానితోనే చేయండి. రెండు గిన్నెలు పెడితే గరిటెలు మారిపోతాయి.

మద్దిలపాలెం అమ్మ
గురువారం, రాత్రి 9:05

తల్లులందరికీ ఫోన్ చేశాను. నాలుగో అంతస్తు బాబుకి వేరుశనగ, జీడిపప్పు రెండూ పడవట, వాళ్లమ్మ చెప్పాలా వద్దా అని మొహమాటపడుతోందట. అడిగి మంచి పని చేశాను. పుట్నాలతోనే చేస్తాను.

ఈరోజు పావు కిలో స్పగెట్టీతో చేసి చూశాను. ఎంవీపీ కాలనీ రైతుబజార్లో పొద్దున్నే వేళ్లతో ఉన్న కొత్తిమీర దొరికింది. కాడలతో కలిపి 75 గ్రాములు, పుదీనా ఆకు 25 గ్రాములు, పుట్నాలు 40 గ్రాములు, నువ్వుల నూనె 50 మిల్లీలీటర్లు, రెండు పచ్చిమిర్చి, అర అంగుళం అల్లం, అర చెంచా జీలకర్ర, ఉప్పు. చిటికెడు ఇంగువ మాత్రం నూనెలో వేడి చేసి చల్లార్చి కలిపాను. రంగు నిలిచింది, చేదు లేదు. మిక్సీ మొత్తం ఒక నిమిషం కూడా తిరగలేదు.

ఒకటే లోటు. పార్కులోలా చూద్దామని కలిపి రెండు గంటలు ఉంచితే ముద్దంతా పాస్తా పీల్చేసుకుని పొడిబారింది. అందుకని అక్కడికి వెళ్లాకే కలుపుతాను.

రోటి పచ్చడి
గురువారం, రాత్రి 9:20

పుట్నాలు నీరు లాగుతాయి, అందుకే. ఆదివారం ముద్ద కొంచెం జారుగా చేసుకోండి. స్టీలు డబ్బాలో వేసి పైన నూనె పొర పోసి, ఐసు పెట్టిన సంచిలో తీసుకెళ్లండి. గాలి తగలకపోతే పైభాగం నల్లబడదు.

కొత్తిమీర పడనివాడు
శుక్రవారం, ఉదయం 10:30

నాకు చిన్నప్పటి నుంచి కొత్తిమీర సబ్బు వాసన వస్తుంది. ఇంట్లో నాది పేచీ అనుకునేవాళ్లు. కొందరికి పుట్టుకతోనే ఆ వాసనని పసిగట్టే జన్యువు వేరేగా ఉంటుందని తర్వాత చదివాను. ఆ పదిహేను మందిలో నాలాంటి పిల్లలు ఒకరిద్దరు ఉంటే బలవంతం చేయకండి. కొంచెం పాస్తా విడిగా తీసి నెయ్యి, మిరియాల పొడి కలిపి ఇవ్వండి, చాలు.

మద్దిలపాలెం అమ్మ
శుక్రవారం, ఉదయం 10:50

తప్పకుండా అండీ. ఒక చిన్న డబ్బా పక్కన పెడతాను.

మద్దిలపాలెం అమ్మ
ఆదివారం, రాత్రి 8:40

ఇప్పుడే గిన్నెలు కడిగి కూర్చున్నాను. అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు.

కిలో స్పగెట్టీ నాలుగు వాయిలుగా ఉడకబెట్టి, కడిగి, నూనె పట్టించి రెండు పళ్లాల్లో పరిచి తీసుకెళ్లాను. ముద్ద ఐసు మీద. ఆకుపచ్చ మేడ గారు ఇచ్చిన రుద్రజడ ఆకు కూడా వేశాను, మూత తీయగానే పక్క చాప మీద వాళ్లు ఇదేం వాసన అని లేచి వచ్చారు. ఓడ వంటగది గారి మాట విని బంగాళాదుంప, బీన్స్ కూడా ఉడికించి కలిపాను. ఫ్లాస్కులో నీళ్లు రెండు గరిటెలు పోయగానే ముద్ద ఒక్కసారిగా పోగులకి పట్టేసింది. ఉసిరి చెట్టు కింద పూజ అయ్యాక, నిమ్మకాయలు పిండి వడ్డించాను. పన్నెండు మంది రెండోసారి పెట్టించుకున్నారు. ఒక పాప మాత్రం వద్దంది, నెయ్యి డబ్బా అక్కరకొచ్చింది. నాలుగో అంతస్తు బాబు అందరితో కలిసి ఒకే గిన్నెలోది తిన్నాడు, వాళ్లమ్మ నా చేయి పట్టుకుంది.

క్యాటరింగ్ వదిన
ఆదివారం, రాత్రి 8:55

చాలా సంతోషం. మిగిలిందా? మిగిలితే ఐసు ట్రేలో గడ్డ కట్టించి పెట్టుకోండి, కావాల్సినప్పుడు రెండు ముక్కలు తీసి వాడొచ్చు. ఫ్రిజ్‌లో అయితే మూడు రోజులే. కార్తీకం అయ్యాక వెల్లుల్లి వేసి చేసినప్పుడు ఇంకా జాగ్రత్త, నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లిని బయట ఉంచితే ప్రాణాంతకమైన విషం తయారుచేసే బ్యాక్టీరియా పెరగొచ్చు. ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

మద్దిలపాలెం అమ్మ
ఆదివారం, రాత్రి 9:10

మిగల్లేదు వదినా. పాస్తా అయిపోయాక డబ్బాలో నాలుగు చెంచాల ముద్ద ఉంటే ఇంటికి తెచ్చాను. మా అత్తగారు పార్కులో నూడుల్స్ ముట్టుకోలేదు. ఇంటికి వచ్చాక ఆ డబ్బా మూత తీసి వాసన చూసి, వేడన్నం పెట్టమన్నారు.

రోటి పచ్చడి
ఆదివారం, రాత్రి 9:14

నెయ్యి వేశారా?

మద్దిలపాలెం అమ్మ
ఆదివారం, రాత్రి 9:16

వేశాను. రెండుసార్లు కలుపుకున్నారు.